ఆయ్ మామ్మగారు దిగే స్టేషను

ఈ కబురు నాకు మొదట తెచ్చినవారు గేటు సూరిబాబుగారు. రైలుబస్సు ఆగిపోయి ఆయన రిటైరైన తర్వాత కూడా, ఏడాదికోసారి కోటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి దాటి మా ఊరు రావడం, మా శివాలయంలో కొబ్బరికాయ కొట్టించుకుని మా అరుగు మీద కాసేపు కూర్చోవడం ఆయన అలవాటు. మొన్న మాత్రం కాయ లేకుండా వచ్చారు. చెప్పులు విప్పి మెట్టు మీదే నిలబడ్డారు.

"అమ్మగారండీ, ఆయ్ మామ్మగారు పోయేరండి."

"అయ్యో, ఎప్పుడు బాబూ?"

"సోమవారవండి. తెల్లారగట్ల స్నానానికి లేవలేదంటండి. మేనకోడలు లేపబోతే ఒళ్ళు చల్లగా ఉందంట."

మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పండిన వయసు, సోమవారం, నిద్రలో. అలాంటి పోక ఎందరికి దొరుకుతుంది? ఆ తల్లి అడక్కుండానే స్వామి ఇచ్చాడనుకున్నాను. సూరిబాబుగారు ఎండన పడి వచ్చారని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. ఆయన గటగటా తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, పక్కవీధి సంగతి చెప్పినట్టు చెప్పారు.

"పాపం, ఆవిడికి చెవులు బొత్తిగా వినపడవంట కదండీ. పెళ్ళైన కొత్తలో విషజ్వరం తగిలి పోయినాయంట. పక్కన పిడుగు పడ్డా తెలీదంటండి. అన్నాళ్ళు కలిసి తిరిగేం, మనలో ఒక్కరికీ తెలీలేదు చూసేరా."

ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"ఏమన్నారు?"

మళ్ళీ చెప్పారు. మాటలు అవే. నాకే అవి చెవి దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

"మీక్కూడా తెలీదాండి?" అన్నారు ఆయన, నా ముఖం చూసి కంగారుపడి.

తెలీదు. తెలిసి ఉంటే నా పెనిమిటి ఈవేళ రెండు కాళ్ళతో ఉండేవారో, అసలు ఉండేవారే కారో చెప్పలేను. ఆవిడ అన్న ఒక్క "ఆయ్" మీద ఆయన ఎడమకాలు మోకాలి కిందకి తీయించేశాం.

మా అరుగు మీంచి చూస్తే గుడి మంటపం కనిపిస్తుంది. ఆ వేళకి ఆయన అక్కడ స్తంభానికి ఆనుకుని, చంకకర్ర పక్కన పెట్టుకుని, సాయంత్రం పూజకి మారేడు దళాలు ఏరుతున్నారు. పురుగు తిన్నవి ఇటు, మంచివి అటు. ఆయనకి చెప్పాలా? చెబితే ఇన్నాళ్ళూ కుదుటపరుచుకున్న మనసు ఏమవుతుంది? చెప్పకపోతే ఈ మాట కడుపులో పెట్టుకుని రోజూ ఆయనకి అన్నం ఎలా వడ్డిస్తాను? గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

రైలుబస్సంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఒకే ఒక్క పెట్టె. ముందు బస్సుకి ఉన్నట్టే డ్రైవరుంటాడు. టైర్లు మాత్రం ఉండవు, పట్టాల మీద పోతుంది. పొద్దుట కాకినాడ నుంచి కోటిపల్లి వచ్చి, కాసేపు సేద తీర్చుకుని, మళ్ళీ కాకినాడ వెళ్ళేది. రోడ్డు బస్సు సగం సేపట్లో చేరుస్తుంది కనక దీన్నెక్కేది తొందర లేనివాళ్ళూ, కుదుపు పడనివాళ్ళూ. మేము రెండో రకం. మావారికి కాలి మీద పుండు లేచి, చక్కెర జబ్బు వల్ల అది మానక, కాకినాడ ఆసుపత్రికి సోమవారం సోమవారం కట్టు కట్టించుకోవడానికి తిప్పేదాన్ని. రోడ్డు గోతుల్లో ఆయన పడే బాధ చూడలేకపోయేదాన్ని. ఆ రోజుల్లో రైలుబస్సుని స్వామే మాకోసం పంపించాడని నమ్మాను. ఇప్పటికీ అలాగే నమ్ముతాను.

దారిలో స్టేషన్లుండేవి గానీ వాటిలో మనుషులుండేవారు కారు. టిక్కెట్టు కిటికీలో కందిరీగలు గూడు పెట్టేవి. ప్లాట్‌ఫారం మీద ధాన్యం ఆరబోసుకునేవారు. ఒకచోట గేదెని పేరుబోర్డు స్తంభానికి కట్టేసేవారు, అది వీపు గోక్కుని గోక్కుని రెండక్షరాలు చెరిపేసింది. నేను బడి ముఖం చూడలేదు. మా నాన్నగారు పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. ఆ నేర్చిన సంతోషం ఇంకా తీరక, కనపడ్డ ప్రతి అక్షరాన్నీ పైకి చదవడం నాకు అలవాటు. ఒక్కో పాడుబడ్డ స్టేషనూ రాగానే బోర్డు చదివేదాన్ని. ఎదురు బల్ల మీంచి మామ్మగారు నా నోటి వంక చూస్తూ "ఆయ్" అనేవారు. చెరిగిన అక్షరాలు నేను పూరించి చదివినా "ఆయ్". మా నాన్నగారి తర్వాత నా చదువుకి ఊఁ కొట్టినవారు ఆవిడొక్కరే అని ఎంత మురిసిపోయానో.

పొట్టి మనిషి. తడి జుట్టు ముడి, ముదురాకుపచ్చ నేత చీర, చెవులకి ఎర్రరాళ్ళ దుద్దులు. ఆదివారం సాయంత్రం బస్సులో కోటిపల్లి వచ్చి సత్రంలో పడుకునేవారు. సోమవారం తెల్లవారుతూనే గౌతమిలో మునిగి, సోమేశ్వరస్వామిని చూసుకుని, చెంబుతో గోదావరి నీళ్ళు పట్టుకుని, రైలుబస్సులో ఇంటికి తిరిగి వెళ్ళేవారు. ఆవిడ దిగే స్టేషను కాగితాల్లో ఎప్పుడో మూసేశారు. అయినా దాని పక్కన రోడ్డు గేటుంది. మా రైలుబస్సుకి ఏ గేటు దగ్గరా కాపలా లేదు. గేటుకి ముందు బండి ఆగేది, సూరిబాబుగారు దిగి వెళ్ళి గేటు వేసేవారు, బండి దాటి మళ్ళీ ఆగేది, ఆయన గేటు తీసి పరుగున వచ్చి ఎక్కేవారు. అందుకని మూసేసిన స్టేషను దగ్గర కూడా బండి ఆగక తప్పేది కాదు. మామ్మగారు అక్కడ దిగేవారు. పైకప్పు లేని ఆ గది గోడల్ని చూపించి, "మా మేడొచ్చింది, దిగుతా," అనేవారు గట్టిగా. ఆవిడ గొంతు ఎప్పుడూ గట్టిదే. రైలుబస్సు మోతలో అందరం అరుచుకునే మాట్లాడుకునేవాళ్ళం కనక ఎవరికీ తేడా తెలియలేదు.

దిగేముందు అందరి చేతుల్లో తలో కాసిన్ని గోదావరి నీళ్ళు పోసేవారు. కళ్ళకద్దుకుని పుచ్చుకునేవాళ్ళం.

ఇంకొకటుంది. కోటిపల్లిలో బండి కోసం ఎదురుచూసేటప్పుడు ఆవిడ ప్లాట్‌ఫారం చివర పల్లంగా ఉన్నచోట కిందకి దిగి, వంగి, పట్టా మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ చెయ్యి గుండెల మీద పెట్టుకునేవారు. తర్వాత "వస్తంది" అనేవారు. నిజంగానే బండి వచ్చేది. నేను మావారితో, "చూశారా, ఇనుప పట్టాలో కూడా ఈశ్వరుణ్ణి చూస్తున్నారు ఆవిడ," అన్నాను. ఆవిణ్ణి చూసి నేనూ పట్టాకి మొక్కడం మొదలుపెట్టాను. బండి కూత వినపడని మనిషి అరచేత్తో దాన్ని వింటోందని నాకు తట్టలేదు. ఎన్ని సోమవారాలో పక్కనే నిలబడి చూశాను. తట్టలేదు.

గేటు కథ ఒకటి రైలుబస్సు ఎక్కేవాళ్ళందరూ చెప్పుకుని నవ్వుకునేవారు. సీమ వైపు నుంచి ఒక కొత్త డ్రైవరు వచ్చాడు. ఒక గేటు దాటి బండి ఆపి, తల తిప్పకుండానే, పైనున్న అద్దంలో వెనక్కి చూసి, "ఎక్కినాడా?" అని అడిగాడు. వెనక సీట్లో మామ్మగారు "ఆయ్" అన్నారు. అతను బండి పోనిచ్చాడు. సూరిబాబుగారు వెనక గేటు పట్టుకుని అరుస్తూనే ఉన్నారు. తర్వాతి గేటు దగ్గర బండి ఆగింది. ఎవరూ దిగరు, గేటు వెయ్యరు. డ్రైవరు హారను కొడతాడు, రోడ్డు మీద లారీవాడూ హారను కొడతాడు. చివరికి పాలవాడి బండి వెనక క్యాన్ల మధ్య కూర్చుని సూరిబాబుగారు రోడ్డు మీంచి వచ్చి, గేటు వేసి, పెట్టెలోకెక్కి, మామ్మగారి ముందు నిలబడ్డారు.

"ఏవండీ మామ్మగారూ, నేనెక్కేసేనని చెప్పేరంటండి?"

"ఆయ్."

పెట్టంతా నవ్వు. మామ్మగారు కూడా నవ్వారు, అందరికంటే ఎక్కువ. డ్రైవరు మాత్రం తల పట్టుకున్నాడు.

"ఏందప్పా మీ ఆయ్? ఆయ్ అంటే అవునా, కాదా?"

సూరిబాబుగారు చెమట తుడుచుకుంటూ అన్నారు, "అవునూ కాదండి, కాదూ కాదండి. మీరు చెప్పింది ఇన్నాం అని. అంతేనండి."

విన్నాం అని. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే కలం ఆగిపోతోంది.

ఒకసారి ఆవిడ పేరడిగాను. "మీ పేరేమిటి మామ్మగారూ?" అంటే "ఆయ్" అన్నారు. చెప్పడం ఇష్టం లేదేమోనని ఊరుకున్నాను. అందరూ ఆయ్ మామ్మగారనే అనేవారు.

ఆ సోమవారం నేను ఒక్కదాన్నే ఎక్కాను. మావారిని కాకినాడలో చేర్చేశారు. పుండు నల్లబడి పైకి పాకుతోంది, కాలు తీసెయ్యాలి, లేకపోతే మనిషి దక్కడు, సోమవారం వచ్చి మాట చెప్పమన్నారు డాక్టరుగారు. మంచం పక్కన మా మరిదిగారి అబ్బాయిని కూర్చోబెట్టి, ఇంటి దగ్గర దీపం పెట్టి, బట్టలు తెచ్చుకుందామని వచ్చాను. మావారు ససేమిరా అన్నారు. అర్చకుడికి అంగలోపం ఉంటే గర్భగుడిలో అడుగు పెట్టకూడదు. తాతల నాటి నుంచి మా ఇంటివాళ్ళ చేతుల మీదుగానే ఆ స్వామికి అభిషేకం. "స్వామిని ముట్టుకోడానికి లేని బతుకు నాకెందుకే. కాలుతోనే పోనీ," అన్నారు. డాక్టరుగారు నా వంక చూశారు. మాకు పిల్లలు లేరు. అడగడానికి నాకు పెద్దవాళ్ళు లేరు. ఆయన మాట దాటడం నాకు అలవాటు లేదు.

ఎదురుగా మామ్మగారు కూర్చున్నారు. తడి జుట్టు, ఒళ్ళో చెంబు. ఎవరితోనూ చెప్పనిదంతా ఆవిడతో చెప్పాను. ఏడుస్తూ, మోతలో అరుస్తూ చెప్పాను. ఆవిడ నా ముఖం మీంచి కళ్ళు తీయలేదు. ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూనే ఉన్నారు. చివరికి చేతులు రెండూ పట్టుకుని అడిగాను.

"తీయించెయ్యమంటారా మామ్మగారూ?"

"ఆయ్," అన్నారు. నవ్వారు కూడా. ఆ నవ్వు నాకు కొండంత ధైర్యమిచ్చింది. గేటు వచ్చింది. ఎప్పుడూ లేనిది, ఆ వేళ తలో కాసిన్ని పొయ్యకుండా నీళ్ళతో సహా చెంబు నా ఒళ్ళో పెట్టేసి, నా తల మీద చెయ్యి ఆనించి, ఉత్త చేతులతో దిగిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే మేడ గుమ్మంలో నిలబడి ఇంకా నవ్వుతున్నారు.

ఆసుపత్రికి వెళ్ళి ఆయన పెదవులు ఆ నీళ్ళతో తడిపాను. "గోదావరిలో మునిగి, సోమేశ్వరుణ్ణి చూసి, తడి ఆరకుండా వస్తున్న పెద్దావిడ చేత స్వామే పలికించాడండీ," అన్నాను.

"ఏమని?"

"ఆయ్ అని."

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. "ఇంకేం మరి. కానీ," అన్నారు.

అలా దక్కారు. మరిదిగారి అబ్బాయి లోపల పూజ చేస్తాడు, ఈయన నంది పక్కన కూర్చుని మంత్రం అందిస్తారు. మొదట్లో గర్భగుడి వైపు చూసేవారు కారు. తర్వాత తర్వాత ఛలోక్తులు కూడా వచ్చాయి. లేని పాదం దురద పెడుతోందని, "ఇది ఎక్కడ గోకాలో నీ ఆయ్ మామ్మనే అడిగి రా," అనేవారు. నేను రోజూ దీపం పెట్టేటప్పుడు స్వామికో దణ్ణం, ఆవిడకో దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ చెంబుతోనే ఆయన సంధ్య వార్చుకుంటారు. కరోనా వచ్చిన ఏడు రైలుబస్సు ఆగింది. నాకు తెలిసి మళ్ళీ నడవలేదు.

"అమ్మగారండీ, కూర్చోండి," అంటున్నారు సూరిబాబుగారు. కూర్చున్నాను. ఆయన కాస్త సందేహించి అడిగారు.

"ఒక మాటండి. రైలుబస్సు తిరిగే రోజుల్లో మీ ఇంట్లో పెళ్ళేదన్నా జరిగిందాండి?"

"పెళ్ళేమిటి బాబూ? మాకు పిల్లలే లేరు కదా."

"అదేనండి నేనూ అన్నాను. ఆ మేనకోడలు చెప్పిందండి. ఊళ్ళో ఆవిణ్ణి చెవిటి మామ్మనే అంటారంట. చెవిటిదాంతో మాటలేంటని ఎవరూ పలకరించరంట. 'రైలుబస్సులో అందరూ నాతో మాట్లాడతారే' అని ఇంటికొచ్చి మురిసిపోయేదంటండి. ఎవరేం చెప్పేరో ఈవిడికి తెలీదు కదండీ. మొకాలు చూసి తనే అల్లుకునేదంట. ఫలానావారి ఆవు ఈనిందంట, ఫలానా కుర్రోడికి ఉద్యోగం వచ్చిందంట అని మేనకోడలికి కథలు కథలుగా చెప్పేదంటండి." సూరిబాబుగారు తువ్వాలు మడత పెట్టారు, విప్పారు. "ఓ సోమవారం చెంబు లేకుండా వచ్చిందంట. చెంబేదే అంటే, పూజారమ్మగారింట్లో పెళ్ళి కుదిరింది, సంతోషం పట్టలేక ఏడ్చేసింది పిచ్చితల్లి, చేతిలో ఉన్నది చదివించేసి వచ్చేను అందంటండి."

నేను చెంబు తెచ్చి చూశాను. అంచు కింద ఒక పేరు కొట్టి ఉంటుంది. అది మగవారి పేరు, ఆవిడది కాదు. ఆవిడ పెళ్ళిలో చదివించినవారి పేరై ఉండాలి. పెళ్ళి చదివింపుగా వచ్చినదాన్ని పెళ్ళి చదివింపుగానే ఇచ్చేశారు. నేను దాన్ని తీర్థమనుకుని ఆసుపత్రికి పట్టుకుపోయాను.

సూరిబాబుగారిని పంటు వేళకి సాగనంపి మంటపానికి వెళ్ళాను. దాచుకోగల శక్తి నాకు లేదని దారిలోనే తెలిసిపోయింది.

"ఏమండీ, ఆయ్ మామ్మగారు పోయారట."

ఆయన చేతిలో దళం ఆగింది. "శివ శివా. మహాతల్లి. సాయంత్రం ఆవిడ పేరున దీపం పెట్టిద్దాం. పేరేమిటి?"

"తెలీదండి." మిగతాది కూడా చెప్పాను. "ఆవిడికి చెవులు వినపడవటండీ. పెళ్ళైన కొత్త నుంచీ."

ఆయన పంచె కింద మోకాలి దాకా ఉన్న కాలి మీద చెయ్యి వేసుకున్నారు. పెళ్ళి సంగతి, చెంబు సంగతి చెప్పాను. తలొంచుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారని దగ్గరికి జరిగాను. నవ్వుతున్నారు. కళ్ళంట నీళ్ళొస్తున్నాయి, నవ్వు ఆగడం లేదు.

"అయితే నా కాలికి పెళ్ళి చేసి పంపించిందన్నమాట ఆవిడ," అన్నారు.

నాకు నవ్వు రాలేదు. "మీకు కోపం రాలేదా? ఆవిడ మాటని కదా ఒప్పుకున్నారు. ఆవిడసలు వినలేదండీ."

ఆయన గర్భగుడి వైపు చూశారు. లోపల చీకట్లో దీపం ఒక్కటే ఉంది.

"ఇన్నేళ్ళు లోపల కూర్చుని నేను అడిగినవన్నీ ఆయన మాత్రం విన్నాడని నాకెవరు చెప్పారే? లింగం మీంచి పువ్వు జారితే సరే అన్నాడనుకున్నాను. ఊళ్ళోవాళ్ళక్కూడా అలాగే చెప్పాను. కాపరాలు నిలబడ్డాయి, రోగాలు తగ్గాయి. పువ్వుకి చెవులున్నాయా?"

ఆ మాట పరాయివాళ్ళంటే చెవులు మూసుకుని వచ్చేసేదాన్ని. అన్నది ఆయన. అని, మళ్ళీ మారేడు దళాలు ఏరుకుంటున్నారు, ఎప్పటికంటే జాగ్రత్తగా.

సాయంత్రం మరిదిగారి అబ్బాయి లోపల్నుంచి, "పెదనాన్నా, ఎవరి పేరున?" అని అడిగాడు.

"ఆయ్ మామ్మగారను."

"అదేం పేరు?"

"అనరా," అన్నారు ఈయన. వాడు అన్నాడు. గర్భగుడిలో ఆ పేరు చిన్నగా మోగింది. నేను రెండు చేతులూ ఎత్తాను గానీ, దణ్ణం ఎటు పెడుతున్నానో నాకు తెలియలేదు. ఇది రాస్తున్న ఈ పూటకీ తెలియలేదు. ఆయన పక్కన కూర్చుని కొబ్బరిముక్క నములుతున్నారు, ఆ సంగతి మాత్రం నిజం.

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి వైపు వచ్చే దారుల్లో ఎక్కడైనా, తుప్పు పట్టిన పట్టాల పక్కన, పైకప్పు లేని ఒక గది మీకు కనపడితే అది ఆయ్ మామ్మగారి మేడ కావచ్చు. ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని, ఆ గోడల వైపు ఒక మాట పైకి అనండి. మీ ఇంటి సంగతి, మీ ప్రయాణం సంగతి, ఏదైనా సరే. వినపడదులే అని ఊరుకోకండి.